మంచం కిందది

జాలిపడి తెచ్చుకున్నానని అనుకుంటారు అందరూ. కాదు. కోపంతో తెచ్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌లో పేషెంట్లు లేక ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. విశాఖపట్నంలో ఒక కుక్కల షెల్టర్ వాళ్ళ పోస్టు కనిపించింది. గోధుమరంగు ఆడకుక్క, మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని గీత. కెమెరా వైపు చూడకుండా గోడ వైపు చూస్తోంది. నాతవరం దగ్గర చెరుకు తోటలో అడవిపందుల కోసం పెట్టిన వైరు ఉచ్చులో చిక్కుకుంటే వైరు కోసి బయటికి తీశామని కింద రాశారు. ఆ తర్వాత ఇద్దరు దత్తత తీసుకున్నారట, ఇద్దరూ తిరిగి ఇచ్చేశారట. ఒకరు వారానికి, ఇంకొకరు నాలుగు రోజులకి.

నాలుగు రోజులకి! ఇయర్‌ఫోన్స్ నచ్చకపోయినా పది రోజులు చూస్తాం కదా. కామెంట్లలో ఆ ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. "అంత బాధగా ఉంటే మీరే తీసుకోండి" అని ఎవరో రాశారు. తీసుకుంటానని రాసేశాను. లైకులు పడ్డాయి. ఇక వెనక్కి తగ్గడం నా వల్ల అయ్యే పని కాదు.

నేను పెరిగింది హైదరాబాదులో. ఫిజియోథెరపీ చదివాక నర్సీపట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చి ఏడాది దాటింది. మేడ మీద రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటాను. కింద ఇంటావిడ ఉంటుంది. రావికమతం వైపు పల్లెలో వ్యవసాయం పిల్లలకి అప్పగించేసి, ఇక్కడ ఒక్కతే ఉంటోంది. "కుక్కని పెంచుకుంటానాంటీ" అని అడిగితే, "ఏ దేశంది?" అంది. మామూలు ఊరకుక్కే, విశాఖపట్నం నుంచి తెస్తానని చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపి నా వైపు చూసింది.

"మన ఈదిలో ఏడున్నాయే అమ్మీ. ఏడింటికీ పిలిస్తే వచ్చీ బుద్దుంది. అయ్యొదిలీసి ఇసాపట్నం నుంచి ఊరకుక్కని తెస్తావా? కారెక్కించా?"

కారెక్కించే తెచ్చాను. దారిలో రెండుసార్లు కక్కుకుంది.

షెల్టర్ నడిపే మేడమ్ కారు డోరు దగ్గర నిలబడి నాకొక షరతు చెప్పింది. "నెల రోజులు చూడండి. నెలాఖరుకి ఇది మీ పక్కన కూర్చుని తింటే చాలు, ఉంచుకోండి. లేకపోతే తెచ్చేయండి, తప్పేం లేదు. కానీ మూడోసారి వెనక్కొచ్చినదాన్ని మేం ఇంక ఇళ్ళకి ఇవ్వమండీ. వెనక షెడ్డులో పెడతాం."

"ఎన్నాళ్ళు?"

"ఉన్నన్నాళ్ళు."

ఆ వెనక షెడ్డు చూశాను. ఇనుప మెష్ గదుల్లో కుక్కలు గోడలకు ముఖాలు పెట్టి పడుకుని ఉన్నాయి. ముందు గదుల్లో ఉన్నవాటికి ఫొటోలు తీసి పోస్టు చేస్తారు. వెనకవాటికి అదీ లేదు.

ఇంటికి తెచ్చాక అది చేసిన మొదటి పని నా మంచం కిందకి దూరడం. చేసిన ఆఖరి పని కూడా అదే, చాలా రోజుల పాటు. నేను ఇంట్లో ఉండగా అది ఒక్కసారి కూడా బయటికి రాలేదు. నేను క్లినిక్‌కి వెళ్ళాక వచ్చి తినేది, తాగేది, గుమ్మం దగ్గరే కానిచ్చేది. సాయంత్రం తాళం తీసేసరికి మంచం కింద రెండు కళ్ళు. ఇంటావిడ దానికి పేరు కూడా పెట్టేసింది. "మంచంకిందది ఎలాగున్నాదే?" అని అడిగేది మెట్ల దగ్గర. షెల్టర్ వాళ్ళు పెట్టిన పేరు దానికి పట్టలేదు, నేను పెట్టినవీ పట్టలేదు. చివరికి నేను కూడా మంచంకిందది అనే పిలవడం మొదలుపెట్టాను.

వీడియోలు చూశాను. ఎన్ని చూశానో లెక్కలేదు. ఒకాయన కళ్ళలోకి చూడొద్దంటాడు. ఒకావిడ కళ్ళతోనే ప్రేమ చూపించమంటుంది. ఇంకొకాయన ఇంట్లో ఒక మూల చీకటిగా ఉంచమంటాడు, ఆయన ఇల్లు మా క్లినిక్ అంత ఉంది. కామెంట్లలో అందరితో గొడవ పడ్డాను. అన్నిట్లోకీ ఒకటి మాత్రం తెలివైనదిగా అనిపించింది. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒకే చప్పుడు చేయాలట. కొన్నాళ్ళకి ఆ చప్పుడు వినగానే కుక్క తోక ఊపుకుంటూ వస్తుందట. వీడియోలో ఆయన చిన్న గంట వాడాడు. నా దగ్గర గంట ఎక్కడుంది? స్టీలు కంచం ఉంది, గరిటె ఉంది.

పొద్దున ఆరున్నరకి, సాయంత్రం ఏడుకి, పాలన్నమో గుడ్డన్నమో కలిపి, కంచం అంచు మీద గరిటెతో గట్టిగా కొట్టేదాన్ని. టంగు టంగు టంగు. ఆరు దెబ్బలు, ఒక్కటి తక్కువ కాకుండా. పేషెంట్లకి చెప్పే క్రమశిక్షణ నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ, ఒకే టైముకి, మానకుండా.

మొదటి దెబ్బకే అది గోడకి అతుక్కుపోయేది. మూడో దెబ్బకి ఉచ్చ పోసుకునేది, మంచం కింద నుంచి తడి పాకుతూ వచ్చేది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఫినాయిల్ గుడ్డతో తుడిచేదాన్ని. సాయంత్రం మళ్ళీ టంగు టంగు, మళ్ళీ తడి, మళ్ళీ గుడ్డ. అలవాటు పడుతుందిలే అనుకున్నాను. పడలేదు. నాకు మొండితనం ఎక్కువ, కాబట్టి ఇంకా గట్టిగా కొట్టాను.

కింద నుంచి ఇంటావిడ అరిచేది. "ఓలమ్మీ! పొద్దున్నే ఆ కంచం గోలేటే? నీకేటి, పోన్లో ఎవులైనా కంచం వాయించమన్నారేటి?"

"ట్రైనింగ్ ఆంటీ!"

"ఎవులికి? నీకా దానికా?"

ఇదంతా ఒక ఎత్తు, షెల్టర్ మేడమ్ వాయిస్ మెసేజులు ఒక ఎత్తు. రోజూ వీడియో పంపమనేది. నేను ఫోన్ మంచం కిందకి పెట్టి లైటు వేసి తీసి పంపేదాన్ని. అన్నిటికీ ఒకటే జవాబు. "కాస్త ఓపిక పట్టండమ్మా." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే రోజంతా క్లినిక్‌లో నేను అందరికీ చెప్పే మాట అదే. మోకాళ్ళ వాళ్ళకి, నడుముల వాళ్ళకి, పక్షవాతం వచ్చిన వాళ్ళకి. వాళ్ళు నా వైపు ఎందుకలా చూస్తారో అప్పుడు అర్థమైంది.

పందొమ్మిదో రోజు సాయంత్రం తిక్క రేగింది. క్లినిక్‌లో పెద్ద గొడవ పడి వచ్చాను. తలుపు తీసేసరికి నా కొత్త చెప్పు ఒకటి ముక్కలై గదంతా పరుచుకుని ఉంది. అయినా అన్నం కలిపాను. కంచం కొట్టాను. తడి పాకుతూ వచ్చి నా పాదం కిందకి చేరింది. "నీకేం తక్కువ చేశానే నేను?" అని అరిచి కంచం అక్కడే నేలకేసి కొట్టాను. అది బొంగరంలా తిరిగి తిరిగి ఆగింది. అన్నం గోడల మీదంతా పడింది. కంచం చప్పుడు ఆగాక కూడా మంచం కింద గోళ్ళు గోడని గీరుతున్నాయి. గోడలోంచి దారి చేసుకుని పోదామన్నట్టు గీరుతోంది.

అక్కడే కూర్చుని ఫోన్ తీసి, మొదట్లో తెచ్చిన కారు డ్రైవరుకే మెసేజ్ పెట్టాను. ఆదివారం పొద్దున, విశాఖపట్నం, కుక్కతో. సరేనన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇప్పుడు నేను కూడా కామెంట్లలో తిట్టించుకునే మూడోదాన్ని అని. దాని మీద కోపం, ఆ ఇద్దరి మీద కోపం, నా మీద కోపం, అన్నీ కలిసిపోయి ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ఫోన్ మంచం మీదకి విసిరేశాను. మెత్తగా పడింది. అలా పడినందుకు కూడా నాకు విసుగొచ్చింది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారాల్లో వచ్చే పేషెంటు ఒక తాతగారు. మాకవరపాలెం అవతల ఆయనకి జీడి తోట, కొంచెం చెరుకు ఉన్నాయి. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. ఇంటి దగ్గర వ్యాయామం చేయమని రాసిచ్చిన కాగితం మడత నలగకుండా జేబులో ఉంటుంది.

"తాతగారూ, ఇంట్లో చేస్తున్నారా?"

"సేత్తన్నానమ్మా."

"ఎన్నిసార్లు?"

"నువ్వెన్ని సెప్తే అన్ని."

"నేనెన్ని చెప్పాను?"

ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. "అదే కదమ్మా, అన్నీ సేసీసేను."

మామూలుగా అయితే ఇక్కడ నేను ఒక అరుపు అరుస్తాను. ఆ రోజు అరవడానికి కూడా ఓపిక లేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. గోడ మీద వేళ్ళు పాకించడం లాంటివి బోరు కొట్టి మానేసే వాళ్ళని, ఈ చెయ్యి బాగైతే మొదట ఏ పని చేస్తారని అడుగుతాం. జడ వేసుకోవాలంటే దువ్వెన ఇచ్చి అదే వ్యాయామంగా చేయిస్తాం. అటక మీది డబ్బా తీయాలంటే డబ్బా ఇస్తాం. అదే అడిగాను.

"ఏటుంది, కంచం కొట్టాల," అన్నాడు.

"ఏంటి?"

"సెరుకు కాడ మంచె మీద కూకుని కంచం కొట్టీవోడ్ని. ఈ సెయ్యి ఒగ్గీసింది. నా మనవలు సెల్లు సూసుకుంటా కూకుంటారు, ఆళ్ళేం కొడతారు? పందులొచ్చి సుబ్బరంగా తినీసి ఎలిపోతన్నాయి."

లంచ్ బాక్సులోంచి నా స్టీలు ప్లేటు తీసి ఎడమ చేతికిచ్చాను, కుడి చేతికి చెంచా. ప్లేటుని తల ఎత్తుకి లేపి కొట్టండి, నొప్పి వచ్చేదాకా వద్దు అన్నాను. ఆయనకి హుషారు వచ్చింది. టంగు టంగు టంగు అని కొట్టాడు. ప్రతి దెబ్బకీ ప్లేటుని ఇంకో వేలెడు పైకి జరిపాడు. కాగితంతో కానిది ప్లేటుతో అయింది. బయట కూర్చున్న వాళ్ళు తలుపు తోసి చూశారు.

"అబ్బ! ఈ సప్పుడింటే సాలమ్మా," అన్నాడు రొప్పుతూ. "పందైనా, కోతైనా, కుక్కైనా, తోక ముడిసి పరుగెట్టాల్సిందే. మరి తిరిగి సూడవు."

నా చేతిలో ఫోన్ ఉంది, ఆయన చెయ్యి ఎంత ఎత్తుకి లేచిందో ఫొటో తీద్దామని. తీయలేదు.

"తాతగారూ, చెరుకు తోటలో ఉచ్చులో పడిన కుక్క అయితే?"

"పాపం, ఉచ్చులో ఏదో పడినాదంటే ముందు పందనుకుంటారు కదా. గింజుకుంటా ఉంటాది. మడుసులు కంచాలు, డబ్బాలు కొట్టుకుంటా సుట్టూ మూగుతారు. దగ్గిరికెల్లి సూసేదాకా కుక్కని తెలీదు." ఆగి నా ముఖం చూశాడు. "ఏటమ్మా? ఏటైనాది?"

చెప్పాను. మొత్తం చెప్పాను. పొద్దున ఆరు దెబ్బలు, సాయంత్రం ఆరు దెబ్బలు. ఆయన నవ్వకుండా వినడానికి చాలా కష్టపడ్డాడు. తర్వాత ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, బాగున్న చేత్తో తొడ కొట్టుకుని నవ్వాడు.

"ఓలమ్మో! డాక్టరమ్మా, అన్నమెట్టి తోలెత్తన్నావా దాన్ని! ఎంత సదువు సదివేవే తల్లీ!"

తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళంతా నవ్వారు. నాకు కోపం రాలేదు. వచ్చినా ఎవరి మీద పెట్టుకోను? బయటికొచ్చి డ్రైవరుకి రావద్దని మెసేజ్ పెట్టాను. నిన్ననే కదా రమ్మన్నారు అన్నాడు. అతనితో కాసేపు గొడవ పడ్డాను, అలవాటుగా.

ఆ సాయంత్రం కంచం పట్టుకుని కిందకి దిగి ఇంటావిడకి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని ముందు వెనక తిప్పి, సొట్ట పడిన అంచు చూసి, సంగతి విని, "నాను ముందే అడిగేను కదా, ట్రైనింగు ఎవులికని," అంది. లోపలికెళ్ళి అడ్డాకు విస్తళ్ళ కట్ట తెచ్చింది. మన్యం నుంచి ఆకు తెచ్చి అమ్మే వాళ్ళ దగ్గర ఆవిడ ఎప్పుడూ కొని పెట్టుకుంటుంది. "దీన్లో ఎట్టు. ఇది సప్పుడు సెయ్యదు."

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. నేనూ అలాగే అనుకున్నాను. శనివారం పొద్దున విస్తరిలో అన్నం పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. చప్పుడు లేదు, కొట్టడం లేదు. ఇదిగో వస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాను. రాలేదు. గంట కూర్చున్నాను, కాలు తిమ్మిరెక్కింది. సాయంత్రం మళ్ళీ కూర్చున్నాను. ఆదివారం, సోమవారం, మంగళవారం. నేను గుమ్మం దాటాకే తినేది. తడి మాత్రం ఆగింది. ఇన్నాళ్ళూ తోలేసినదాన్ని ఒక విస్తరి పెట్టి రమ్మంటే ఎలా వస్తుంది? నాకు తెలుసు. తెలిసినా విసుగు తగ్గలేదు. నీకు మనసు లేదా, నాకు పని లేదా, అని దానితో మాట్లాడుతూనే ఉన్నాను, గొంతు మాత్రం తగ్గించి.

ఒకటి గమనించాను. దానికి వీపు పెట్టి కూర్చుంటే గోళ్ళ చప్పుడు కొంచెం దగ్గరికి వస్తుంది. చూద్దామని ఫోన్ కెమెరా తెరిచి భుజం మీదుగా ఎత్తితే చప్పుడు వెనక్కి పోతుంది. ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి దూరంగా పెట్టినా అంతే. నల్లటి ఆ పలక అక్కడ ఉన్నంతసేపూ అది కదలదు. రోజూ మంచం కింద లైటు వేసి తీసింది నేనే కదా.

నెల ఆఖరు రోజు మేడమ్ ఫోన్ చేసింది. "ఇవాళ వీడియో కావాలండీ. మీ పక్కన తింటున్నట్టు."

"ఫోన్ చూస్తే రావట్లేదు మేడమ్."

"అందరూ ఇలాగే అంటారమ్మా. వారం రోజులు పెట్టుకున్న ఆయన కూడా తింటోంది తింటోంది అనే చెప్పాడు. తీరా చూస్తే ఎముకలు తేలి ఉంది. చూడకుండా నేను ఒప్పుకోలేను."

కోపం వచ్చినా ఆవిడ మాట తప్పు కాదు. నెత్తి కొట్టుకుని కిందకి వెళ్ళాను. ఇంటావిడని పిలుచుకొచ్చి, వీడియో కాల్ కలిపి, ఫోన్ ఆవిడ చేతికిచ్చి గుమ్మం బయట ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాను. "దీన్ని ఇలా పట్టుకోండి ఆంటీ, మంచం వైపు. కదపకండి." ఆవిడ తలూపింది. నేను లోపల మంచానికి వీపు పెట్టి కూర్చుని, పక్కన విస్తరి పెట్టాను. ఏడాదిలో మొదటిసారేమో, చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. వీధిలో కూరగాయల బండి వెళ్ళింది. తర్వాత గుమ్మం దగ్గర నుంచి ఇంటావిడ గొంతు, గుసగుసగా, అయినా మేడంతా వినబడేంత.

"ఇంటన్నావా తల్లీ... తలకాయి బయటెట్టినాది... ఆఁ, ఒక కాలెట్టినాది. ఎనక్కి ఎల్లిపోనాది. ఉండు ఉండు... మల్లీ వచ్చింది. అమ్మీ, కదలకు. కదిలేవంటే సంపేస్తాను... మూతెట్టినాది... తింటాందమ్మా! ఇది తింటాంది! గుడ్డు ముందు తినీసింది, తెలివైందే."

నేను కదల్లేదు. మోచేతికి వెచ్చటి ఊపిరి తగిలింది. విస్తరి నేల మీద జరుగుతున్న గీర చప్పుడు వినబడింది. తల తిప్పి చూడాలని ఉంది. ఫొటో తీయాలని ఇంకా ఎక్కువ ఉంది. రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకున్నాను.

అది మళ్ళీ లోపలికి దూరాక లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఇంటావిడ ఫోన్ చెవికి ఆనించి, ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఆంటీ! చెవి దగ్గర పెట్టుకున్నారేంటి! మంచం వైపు పట్టుకోమన్నాను కదా!"

"పోను సెవి కాడ కాకపోతే ఎక్కడెట్టుకుంటారే? సెప్పేను కదా అంతా, పూస గుచ్చినట్టు."

ఫోన్ లాక్కున్నాను. స్క్రీన్ మీద షెల్టర్ మేడమ్. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు.

"మేడమ్, సారీ. మళ్ళీ సాయంత్రం..."

"వద్దమ్మా. ముప్పావుగంట మీ ఇంటావిడ చెవి పోగు చూశాను. అబద్ధం చెప్పేవాళ్ళు ఇంత తంటాలు పడరు. ఉంచుకోండి."

ఉంచుకోండి అనగానే ఏదైనా మంచి మాట అనాలి. థాంక్స్ అన్నానో లేదో కూడా నిజానికి గుర్తులేదు. ఎందుకంటే అప్పుడే లోపల నుంచి గుళ్ళ గుళ్ళ మని చప్పుడొచ్చింది. అన్నంతో పాటు విస్తరి కూడా సగం తినేసింది మహాతల్లి. ఆకులు, పుల్లలు అన్నీ మంచం కింద నుంచి నా మిగిలిన ఒక్క చెప్పు మీదకి కక్కేసింది.

"తుడువే, బేగి తుడువు," అంది ఇంటావిడ ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుంటూ. "ఉంచుకోమన్నాది కదా. మరింక రోజూ ఇదే."

ఫోన్ అలమరలో పెట్టి ఫినాయిల్ గుడ్డ తీసుకున్నాను.